తాళం మా దగ్గర, పాస్‌వర్డ్ దేవుడి దగ్గర

మద్రాసు నుంచి తిరుపతికి పోయే రోడ్డు మీద, తిరువళ్ళూరు దాటి తిరుత్తణి చేరేలోపు కనకమ్మ సత్రం వస్తుంది. ఏడుకొండలవాడి దర్శనానికి నడిచిపోయేవాళ్ళకు ఒక పూట అన్నం, ఒక రాత్రికి అరుగు దొరికే సత్రాలు ఈ దారి పొడుగునా ఉండేవి. వాటిని కట్టించినవాళ్ళు నాలుగు గోడలు లేపి, తలుపుకు తాళం వేసి, 'సత్రం రెడీ' అని బోర్డు తగిలించి, పుణ్యం లెక్క రాసుకున్నట్టు ఎక్కడా వినలేదు. ఆకు పరిచి, అన్నం వడ్డించి, తిన్నవాడు లేచి చేయి కడుక్కున్నాకే సత్రం పెట్టామనేవారు. అమాయకులు. వాళ్ళకు టెలికాం శాఖ సలహా అందలేదు.

ఇప్పుడా సలహా దేశమంతటికీ అందింది. పంచాయతీ ఆఫీసు దాకా గాజు తీగ లాగి, చివర ఒక పెట్టె బిగిస్తే చాలు, ఆ పంచాయతీ 'సర్వీస్ రెడీ'. వెటకారానికి నేను పుట్టించిన మాట అనుకునేరు, సర్కారువారి లెక్కల్లో ఉన్నమాటే అది. దేశంలో 2 లక్షల పైచిలుకు పంచాయతీలు ఇప్పటికే ఈ హోదాలో ఉన్నాయి. ఊళ్ళో ఒక్క ఇంటికీ కనెక్షన్ పోకపోయినా, ఒక్క పిల్లాడూ దాని మీద పాఠం వినకపోయినా హోదాకు భంగం లేదు. సర్వీసు ఎప్పుడో రెడీ అయింది, జనమే ఇంకా రెడీ కాలేదు.

బ్రాడ్‌బ్యాండ్ అంటే ఏమిటో ముందు తేల్చుకుందాం. ఖర్చు లేకుండా దాన్ని తయారు చేసే ఉపాయం ఆ నిర్వచనంలోనే ఉంది మరి. 2004 విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు వస్తే అది బ్రాడ్‌బ్యాండ్. 2013లో దాన్ని 512 చేశారు. 2023 జనవరికి గాని 2 మెగాబిట్లు కాలేదు. ఆ 256 కాలంలో ఒక ఫొటో తెర మీద పైనుంచి కిందికి దిగేలోపు తిరుత్తణి కొండకు 365 మెట్లూ ఎక్కి, సుబ్రహ్మణ్యస్వామికి దండం పెట్టుకుని, విభూతి పొట్లంతో తిరిగి రావచ్చు. అయినా కాగితం మీద మనం బ్రాడ్‌బ్యాండ్ వాడుకదార్లమే. 2024 మార్చిలో అమెరికా వాళ్ళు 100 మెగాబిట్లకు తక్కువైతే బ్రాడ్‌బ్యాండ్ అననే అనమని తీర్మానించుకున్నారు. మన గెజిట్ చదవక, ఉన్న ఊళ్ళను లేని ఊళ్ళలోకి దించుకున్నారు.

ఇక డబ్బు. తీగ లాగడానికి డబ్బు లేక ఈ పని ఆగిందని ఎవరైనా అంటే నమ్మకండి. 2002 ఏప్రిల్ 1 నుంచి సార్వత్రిక సేవా నిధి అని ఒకటుంది. 2003లో టెలిగ్రాఫ్ చట్టాన్ని సవరించి, వెనకటి తేదీ నుంచే దానికి చట్టబద్ధత కల్పించారు. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం ఈ పేరున వసూలవుతుంది. కంపెనీలకు ఆ ఆదాయం ఎక్కడిదంటారా? నెలంటే 28 రోజులని వాళ్ళు నిర్ణయించాక, ఏడాదికి పన్నెండు బదులు పదమూడు సార్లు రీఛార్జి చేయించుకునే మా ఊరి ముసలమ్మదే. అంటే ఊరికి ఫోను రావడానికి ఆమె రెండు పదులేళ్ళుగా చందా కడుతూనే ఉంది. రసీదు మాత్రం అడక్కూడదు.

(ఏప్రిల్ 1 గురించి ఒక మాట. తిరుత్తణి తాలూకాను చిత్తూరు జిల్లాలోంచి తీసి మద్రాసు రాష్ట్రంలో కలిపింది కూడా ఏప్రిల్ 1నే, 1960లో. పటాస్కర్ సూత్రం, 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టం, అన్నీ సక్రమంగానే జరిగాయి. అయినా ఆ తేదీన అమల్లోకి వచ్చే చట్టం పేరెత్తితే మావాళ్ళు ఇప్పటికీ జేబు తడుముకుంటారు.)

ముసలమ్మ కట్టిన చందా నేరుగా ఈ నిధికి పోదు. ముందు భారత సంచిత నిధిలో పడుతుంది. అక్కడి నుంచి పార్లమెంటు అనుమతితో, బడ్జెట్టులో పద్దు రాస్తే, రాసినంత మాత్రమే ఇటు వస్తుంది. వసూలైనదంతా ఇటు రావడం లేదని కాగ్ పదేపదే రాసింది. కాగ్ రాస్తుంది, పార్లమెంటు బల్ల మీద పెడతారు, బల్ల దాన్ని మోస్తుంది. బల్లంత ఓర్పు ఈ దేశంలో ఇంకెవరికీ లేదు.

డబ్బు కదలకపోయినా పేర్లు కదిలాయి. 2011 అక్టోబరు 25న కేంద్ర మంత్రివర్గం జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కు ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల పంచాయతీలు, దాదాపు 20,000 కోట్లు, రెండేళ్ళ గడువు. 2012 ఫిబ్రవరిలో దానికోసం ఒక కంపెనీ పెట్టారు. రెండేళ్ళు గడిచాయి, గడువూ గడిచింది. 2015లో భారత్‌నెట్ అని నామకరణం జరిగింది. 2017లో రెండో దశ, మొత్తం 42,068 కోట్లు. 2023 ఆగస్టులో 'సవరించిన భారత్‌నెట్', 1,39,579 కోట్లు. అదే ఏడాది డిసెంబరులో 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టాన్ని సాగనంపి కొత్త టెలికాం చట్టం తెచ్చారు, అందులో సార్వత్రిక సేవా నిధి పేరు 'డిజిటల్ భారత్ నిధి' అయింది. బిడ్డ నడక నేర్చుకోలేదు గాని మూడుసార్లు బారసాల అయింది, ప్రతిసారీ మిఠాయి ఖర్చు ముసలమ్మ రీఛార్జిలోనే.

గాజులో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ఢిల్లీలో బయలుదేరిన వెలుతురు కనకమ్మ సత్రం చేరడానికి సెకనులో వందో వంతు పడుతుంది. అదే ఢిల్లీలో బయలుదేరిన ఫైలు తమిళనాడులో తీగ పనిగా మారడానికి 10 ఏళ్ళ ఏడున్నర నెలలు పట్టింది. 2018లో రాష్ట్రం టాన్‌ఫినెట్ అనే కంపెనీ పెట్టింది. 12,525 పంచాయతీలకు తీగ లాగడానికి 1,815 కోట్ల అంచనాతో 2019 డిసెంబరులో టెండరు పిలిచింది. టెండరు వేడి మీద ఉండగానే ఐటీ శాఖ కార్యదర్శి స్వచ్ఛంద పదవీ విరమణ కోరారు. షరతులు కొందరికే సరిపోయేలా కుట్టారని అవినీతి వ్యతిరేక సంస్థ అరప్పోర్ ఇయక్కం ఫిర్యాదు చేసింది. 2020 జూన్‌లో కేంద్రం ఇది చెల్లదు, మళ్ళీ పిలవమంది. మళ్ళీ పిలిచారు. ఈలోగా కరోనా వచ్చింది, బళ్ళు మూతబడ్డాయి, పాఠాలన్నీ ఫోన్లోకి ఎక్కాయి. మా వైపు పిల్లలు సిగ్నల్ కోసం మిద్దెలెక్కారు, మామిడి తోపుల గట్లెక్కారు. తీగ ఎంత అవసరమో దేశం మొత్తానికి తెలిసొచ్చిన ఆ రోజుల్లోనే టెండరు పత్రాలు మళ్ళీ అచ్చవుతున్నాయి. 2022 జూన్ 9న కన్యాకుమారి జిల్లాలో ముఖ్యమంత్రి పని ప్రారంభించారు. పంచాయతీకి సెకనుకు 1 గిగాబిట్ అని ప్రకటన. తరతరాలుగా తపాలా మోసిన మా తిరుపతి రోడ్డుకు నవ్వొచ్చి ఉంటుంది.

ఇంకో సంగతి గమనించారో లేదో. ఇన్ని కోట్ల వ్యవహారంలో పౌరుడికి 'నీకిది హక్కు' అని చెప్పే రాష్ట్ర చట్టం ఒక్కటీ లేదు. కంపెనీ ఉంది, టెండరు ఉంది, ప్యాకేజీలు ఉన్నాయి, మార్గదర్శకాలు ఉన్నాయి. చట్టమైతే రాకపోతే కోర్టుకు పోవచ్చు. పథకమైతే రాకపోతే ఎదురు చూడాలి. పాలకులకు ఈ తేడా బాగా తెలుసు గనకే చట్టాలు తీగ ఎవరు లాగాలో, స్తంభానికి అద్దె ఎంతో, లైసెన్సు ఎవరికో చెబుతాయి. తీగ చివరి మనిషి దగ్గరికి వచ్చేసరికి చట్టానికి ఆయాసం వస్తుంది.

మా రాష్ట్రంలో లాగిన తీగలో ఎక్కువ భాగం నేల కింద పోదు, కరెంటు స్తంభాల మీద వేలాడుతుంది. గాలివానకు కొమ్మ విరిగితే అదీ విరుగుతుంది. కోతులకు ఊయల, చెరకు లారీలకు తోరణం. దొంగలు కూడా మోసపోయారు పాపం. తీగ అంటే రాగి అనుకుని కోసుకుపోతే లోపల గాజు తప్ప ఏమీ లేదు. ఇందులో లోహం లేదు, అమ్మితే పైసా రాదు, కోస్తే కేసు అని అధికారులు ప్రకటనలు ఇచ్చుకోవలసి వచ్చింది. ప్రభుత్వం జనానికి ఇంటర్నెట్ గురించి ఇంత వివరంగా చెప్పిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే.

రాగి అంటే మా వైపు వాళ్ళకు తిరువాలంగాడు గుర్తొస్తుంది. కూతవేటు దూరం. అక్కడి శివుడి గుడికి పళయనూరు గ్రామాన్ని ఇస్తూ రాజేంద్ర చోళుడి కాలంలో వేయించిన రాగి శాసనం 1905లో బయటపడింది, 31 రేకులు. చోళుల దానాల్లో ఒక పద్ధతి ఉంది: ఆడ ఏనుగును ఊరి చుట్టూ నడిపించి, అది తొక్కిన చోటల్లా హద్దు గుర్తులు పాతి, ఆ తర్వాతే దానం పూర్తయిందని రాసేవారు. ఇచ్చిన నేల ఎక్కడుందో, ఎవరికి ముట్టిందో కళ్ళతో చూశాకే రాత. ఈ కాలంలో ఏనుగు ఖర్చు దండగని డాష్‌బోర్డు పెట్టారు. డాష్‌బోర్డు ఊరి చుట్టూ తిరగదు. ఢిల్లీలో కూర్చునే పచ్చచుక్క పెడుతుంది.

ఆ పచ్చచుక్క కింద ఉన్న ఒక పంచాయతీ ఆఫీసుకు మొన్నామధ్య పోయాను. ఊరి పేరెందుకు, ఏ ఊరైనా ఒకటే. గది మూలన గోడకు బిగించిన ఇనప పెట్టె. దాని మీద పాత ఓటర్ల జాబితాల కట్ట, కట్ట మీద పొంగల్ నాటి ఉచిత చీరల్లో మిగిలిన ఒక సంచి. పెట్టె అద్దం తలుపు వెనక యూపీఎస్, రూటరు, పసుప్పచ్చ తీగ చుట్టలు. పక్కనే బల్లి గుడ్లు. గుమాస్తా కుర్రాడు మావాడే, వరసకు అల్లుడవుతాడు.

"ఏం అబ్బయా, నెట్టు వచ్చినట్టేనా?"

"వచ్చేసింది మామా. పెట్టె దాకా ఉండాది."

"పనిచేస్తుందా?"

"లైటు ఎలగతానే ఉండాది గదా!"

"ఏ రంగు?"

"ఎర్రది."

"మరి ఎవర్నన్నా అడగరాదా?"

"నాకు తాళం ఇచ్చినారు మామా, పాస్‌వర్డ్ ఇయ్యలేదు. కంపెనీవోళ్ళు వచ్చి ఫొటో తీసుకొని పొయినారు. పెట్టె పోతే నీదే పూచీ అని సంతకం మాత్రం చేయించుకున్నారు."

ఇంతకీ ఆ ఆఫీసు పనంతా దేని మీద జరుగుతోందంటే, ఆ అల్లుడి సొంత ఫోను హాట్‌స్పాట్ మీద. ఇంటి పన్ను రసీదు, జనన ధ్రువపత్రం, ఉపాధి హామీ హాజరు, అన్నీ. 1 గిగాబిట్ పెట్టె గోడ మీద మౌనవ్రతంలో ఉంటే, దాని కింద కూర్చున్న కుర్రాడు రోజుకు ఒకటిన్నర జీబీ పొదుపుగా వాడుకుంటూ ప్రభుత్వాన్ని నడుపుతున్నాడు. ఆ రీఛార్జిలో కూడా 5 శాతం వంతు నిధికి పోతుందని చెప్పాను. "పోనీలే మామా, మన ఊరికే గదా" అన్నాడు. వాడికి నేనేం చెప్పను?

నగరి గేటు దాటితే ఆంధ్ర. అక్కడ బాగుందేమో అనుకునేవాళ్ళకు రెండు ముక్కలు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ నిజంగానే ముందు పరిగెత్తింది. కరెంటు స్తంభాల మీద వేల కిలోమీటర్ల తీగ లాగి, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేత ప్రారంభింపజేసి, నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టు, టీవీ, ఫోను మూడూ ఇస్తామన్నారు. ఆలోచనలో తప్పు పట్టలేను, ఇళ్ళలోకి పోయింది కూడా. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, 2021లో సీఐడీ కేసు పెట్టింది. మళ్ళీ మారింది, పాత పెద్దల లెక్కలను కొత్త పెద్దలు తవ్వారు. 2024 డిసెంబరులో సంస్థ ఛైర్మనే ఇచ్చిన నోటీసు సారం ఇది: ఒక రాజకీయ సినిమాను ఫైబర్‌నెట్‌లో చూపినందుకు 1.15 కోట్లు చెల్లించారు, దాన్ని చూసింది 1,863 సార్లు. భాగించుకోండి, ఒక్కో చూపు ఆరు వేల పైమాటే. టికెట్ కొని, ఏసీ బస్సెక్కించి, బిర్యానీ పెట్టి హైదరాబాదులో చూపించినా ఇంతకాదు. నోటీసు ఇచ్చిన ఛైర్మన్ రెండు నెలలకు, సొంత సంస్థ అధికారులతో పొసగక రాజీనామా చేశారు. తీగ మాత్రం స్తంభం మీదే ఉంది, పార్టీలకు అతీతంగా వేలాడుతూ.

తెలంగాణ తెలివి వేరు. మిషన్ భగీరథ నీటి గొట్టాలకు తవ్విన కందకాల్లోనే ఫైబరు గొట్టమూ పడేశారు. తవ్వే ఖర్చు ఒకటే, మెచ్చుకోవలసిందే. 2015లో మొదలుపెట్టిన టీ-ఫైబర్ ఇళ్ళకు ఇంటర్నెట్టు ఇచ్చే ప్రయోగం కొన్ని ఊళ్ళలో ప్రారంభమయ్యేసరికి 2024 డిసెంబరు వచ్చింది. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇది చదివి ముసిముసిగా నవ్వనక్కర్లేదు. 2021 నవంబరులో అక్కడి ప్రభుత్వం ఊళ్ళకు బ్రాడ్‌బ్యాండ్ కోసం 4,245 కోట్ల డాలర్లు కేటాయిస్తే, 2024 చివరికి ఆ పద్దు కింద ఒక్క ఇల్లూ కనెక్టు కాలేదు. ఫారాలు నింపడంలో ఖండాంతర సోదరభావం ఉంది.

ఒక విషయంలో మాత్రం వాళ్ళ ముందు తల వంచాలి. చెప్పాలంటే మా పెదనాన్న కథ చెప్పాలి.

పొదటూరుపేటలో మాకు వరసకు పెదనాన్న ఒకాయన ఉన్నాడు. పవర్‌లూమ్ మగ్గాల మధ్య నలభై ఏళ్ళు నిలబడ్డాడు. షెడ్డులో పది మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే పక్కవాడి కేక కూడా వినబడదు. అలా వినీ వినీ చెవులు పూర్తిగా పోయాయి. మాట మాత్రం కంచు. చదివింది తెలుగు బళ్ళో. తమిళం గడగడా మాట్లాడతాడు గాని అక్షరం రాదు. ఆయన సిమ్ము ఒకరోజు మూగబోయింది. దుకాణానికి పోతే అక్కడి పిల్ల ఒక నంబరు రాసిచ్చి, ఫిర్యాదు చేయాలంటే దీనికి ఫోన్ చేయమంది. "ఫోను పలకడం లేదని చెప్పుకోవడానికి ఫోన్ చేయమంటాదేందిరా ఈ పిల్ల?" అని నన్నడిగాడు. దానికి టెలికాం శాస్త్రంలో జవాబు లేదు.

మనవడి ఫోనుతో చేయించాం. తమిళానికి ఒకటి, ఇంగ్లీషుకు రెండు, హిందీకి మూడు. తెలుగు ఏ అంకె కిందా లేదు. రాష్ట్రపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన జిల్లాలో తెలుగు నొక్కడానికి బొత్తం లేదు. పాతిక నిమిషాల పాట చివర ఒక మనిషి గొంతు వచ్చింది. భద్రతా కారణాల వల్ల ఖాతాదారుతోనే మాట్లాడాలట. ఖాతాదారు మాట్లాడగలడు, వినలేడు. మనవడు అవతలివాళ్ళు అడిగింది పుస్తకం మీద రాసి చూపించాడు, వాడికి వచ్చిన తమిళంలో. పెదనాన్న కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "పుట్టిన తేదీ" అని నేను తెలుగులో గీకేలోపు అవతల సమయం మించిపోయింది. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అనే ముక్క మాత్రం మళ్ళీ మూడు భాషల్లోనూ వచ్చింది. వినగలిగినవాళ్ళం విన్నాం.

దీనికి మందు లేదా అంటే, ఎప్పుడో ఉంది. వినబడనివాడు అక్షరాల్లో రాస్తే మధ్యలో ఒక ఆపరేటరు అవతలివాడికి చదివి వినిపిస్తారు, అవతలివాడు చెప్పింది తిరిగి అక్షరాల్లో పంపిస్తారు. రిలే సేవ. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం దీన్ని తప్పనిసరి చేసి, 1993 జులై గడువు పెట్టింది. ఫోన్ కంపెనీలు గడువు లోపల దేశమంతటా నడిపించాయి. అంతకు ముందే, 1987లో, మిన్నెసోటా రాష్ట్రం ప్రతి టెలిఫోన్ బిల్లు మీదా నెలకు కొద్ది సెంట్లు వసూలు చేసి, వినబడనివాళ్ళకు పరికరాలూ ఈ సేవా ఇచ్చే చట్టం చేసుకుంది. చందా వాళ్ళూ వసూలు చేశారు, మనమూ వసూలు చేస్తున్నాం. వాళ్ళు మనిషి పేరున పద్దు రాశారు, మనం తీగ పేరున రాశాం. తీగ కొంటే కమీషను వస్తుంది, టెండరు వస్తుంది, రిబ్బను వస్తుంది. ఆపరేటరును పెట్టి పెదనాన్నతో మాట్లాడిస్తే ఏం వస్తుంది? జీతం బిల్లు.

మనకు చట్టం లేదని కాదు సుమండీ. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సమాచార సాధనాలన్నీ అందరికీ అందుబాటులో ఉండాలని ఉంది. సేవలిచ్చేవాళ్ళు నియమాలు వెలువడిన రెండేళ్ళలోపు సరిచేసుకోవాలనీ ఉంది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి, రెండేళ్ళూ 2019లో దాటిపోయాయి. 2018లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసులు కూడా చేసింది. అయితే నియమాల్లో ఒక తలుపు తెరిచి ఉంచారు: చట్టం 'చేయాలి' అంటే, నియమం 'చేస్తే బాగుంటుంది' అనే మార్గదర్శకాలతో సరిపెట్టింది. 2005లో రాజీవ్ రాతూరీ వేసిన కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఆ తలుపు మూసింది, మూడు నెలల్లో కచ్చితమైన నియమాలు రాయమంది. కేసు వేసిన 19 ఏళ్ళకు తలుపు మూతబడింది, మూడు నెలల మాట తలుచుకుని ఎవరూ కంగారుపడలేదు.

దానికన్నా ఘోరం ఇంకొకటి. యాసిడ్ దాడికి గురైన ప్రజ్ఞా ప్రసూన్ బ్యాంకు ఖాతా తెరవబోతే, బతికున్న మనిషేనని రుజువుకు కెమెరా ముందు కళ్ళు ఆర్పమంది యంత్రం. ఆమె కళ్ళు ఆర్పలేరు. సిమ్ కార్డు దగ్గరా ఇదే గోల. యాసిడ్ పోసినవాడు తీసుకున్న కళ్ళను యంత్రం మళ్ళీ అడిగింది. ఆమె సుప్రీంకోర్టుకు పోవలసి వచ్చింది, 2025 ఏప్రిల్ 30న కోర్టు డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని చెప్పి 20 ఆదేశాలిచ్చింది. ఒక మనిషి తాను బతికే ఉన్నానని నిరూపించుకోవడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా నడిచిన ఈ దేశంలో, ఆ యంత్రం తయారుచేసినవాడు ఒక్కసారైనా కళ్ళార్పాడో లేదో తెలియదు.

డిజిటల్ భారత్ నిధికి 2024 ఆగస్టులో రాసిన నియమాల్లో వికలాంగులు, మహిళలు, బలహీన వర్గాలు అని ఒక వాక్యం ఉంది. చదివి సంతోషించాను. వాక్యం రెడీ. అందులో ఎంత శాతం ఎవరికి, ఏ తేదీకి, రాకపోతే ఎవరి మెడకు అనే ప్రశ్నలకు ఆ వాక్యం పెదనాన్నలాగే చెవి ఒగ్గదు.

తిట్టడం ఎవరికైనా వచ్చు, నువ్వైతే ఏం రాస్తావని అడిగే పెద్దమనుషులుంటారు. వాళ్ళకోసం ఒక ముసాయిదా. పంచాయతీలో పెట్టె బిగించిన కంపెనీకి బిగించినందుకు పైసా ఇవ్వకూడదు. ఆ తీగ మీద ఊళ్ళో ఎన్ని ఇళ్ళు, ఎన్ని రోజులు వాడుకున్నాయో చూసి నెలనెలా ఇవ్వాలి. ఎర్ర లైటు వెలిగిన రోజుకు కోత, ఆ రోజు గుమాస్తా హాట్‌స్పాటు వాడితే రీఛార్జి డబ్బు కంపెనీదే. వసూలైన 5 శాతంలో ఒక వంతు రిలే సేవకూ, తెర చదివి వినిపించే సాధనాలకూ విడిగా రాసి, మరో పద్దుకు మళ్ళించకూడదు. తాలూకాలో ఎవరు ఏ భాష మాట్లాడతారో జనాభా లెక్కలే చెబుతున్నాయి కాబట్టి, అక్కడి హెల్ప్‌లైనులో ఆ భాషకొక అంకె ఉండాలి. తిరుత్తణికి తెలుగు, నగరికి తమిళం, బాకీ తీరిపోతుంది. ప్రారంభోత్సవానికి వచ్చే మంత్రిగారు చెవుల్లో దూది పెట్టుకుని, తమ శాఖ హెల్ప్‌లైనుకే ఒక ఫిర్యాదు నమోదు చేసి, ఫిర్యాదు నంబరు వచ్చాకే రిబ్బను కత్తిరించాలి. నంబరు రాకపోతే కత్తెర వెనక్కి ఇచ్చేయాలి.

ఈ చట్టం ఏ రోజు నుంచి అమల్లోకి వచ్చినా మాకు అభ్యంతరం లేదు, ఏప్రిల్ 1 తప్ప.